చెంచా నూనెకు నడుం తగ్గేనా?

కాణిపాకం వినాయకుడికి కొట్టిన కొబ్బరికాయ ఇంటికొచ్చిందంటే దాని దారి తెలిసిందే. ఒక చిప్ప ఆ రోజే పచ్చడవుతుంది. రెండోది పిల్లల నోట్లో ముక్కలుగా పోగా, మిగిలితే మర్నాడు కూరలో పడుతుంది. గుడి ఉన్న ఐరాల మండలంలో కొబ్బరి కొత్తేమీ కాదు. కొబ్బరినూనె సంగతే వేరు. దాని చోటు వంటింట్లో కాదు, అద్దం పక్కన, దువ్వెన దగ్గర. పోపుకైనా వేపుడుకైనా చెనక్కాయల నూనే. సంగటిలోకి ఊరిబిండి నూరాలన్నా చెనక్కాయే. చిత్తూరు వైపు మెట్టపొలాల్లో పండింది అదే, గానుగలో ఆడించిందీ అదే.

అలాంటి ఇంట్లో కోడలు పొద్దున్నే పరగడుపున అద్దం దగ్గరి సీసా మూత తీసి, రెండు పెద్ద చెంచాల నూనె గొంతులో పోసుకుంటే అత్త ఊరుకుంటుందా?

“ఏమ్మా, తలకు పూసే నూనె తాగతా ఉండావా?”

“బరువు తగ్గతాదంట అత్తా. ఫోన్లో చూసినా.”

“నూనె తాగితే ఒళ్ళు తగ్గేదేందమ్మా, ఎక్కడన్నా ఉందా!”

ఈ సంభాషణ ఇప్పుడు ఒక్క ఐరాలలోనే కాదు, చాలా ఇళ్ళల్లో నడుస్తోంది. అత్తగారి మాటలో సగం పొరపాటుంది, సగం నిజం ఉంది.

పొరపాటు ఏమిటంటే, కొబ్బరినూనె తలకు మాత్రమే పనికొచ్చేది కాదు. కేరళలో చేపల పులుసు నుంచి అరటికాయ చిప్స్ దాకా అదే. అసలు చిన్న సీసాల్లో అమ్మే స్వచ్ఛమైన కొబ్బరినూనె తలనూనెనా, వంటనూనెనా అన్న తగాదా పన్ను అధికారులకూ తయారీదారులకూ మధ్య ఏళ్ళ తరబడి సాగింది. అప్పట్లో వంటనూనె అయితే పన్ను తక్కువ, తలనూనె అయితే ఎక్కువ ఉండేది మరి! 2018లో సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో మాట చెప్పారు. చివరికి 2024 డిసెంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, తలనూనె అని ప్రత్యేకంగా ముద్రించి అమ్మితే తప్ప అది వంటనూనే అని తేల్చింది. కాబట్టి కోడలు తాగింది తినదగిన నూనే కావచ్చు. సీసా మీద ఏం రాసి ఉందో చూసుకోవాలి. సువాసనలు, మూలికలు కలిపిన తలనూనెలను మాత్రం నోటి దగ్గరకు రానివ్వకూడదు.

ఇక బరువు సంగతి. కొబ్బరినూనె తాగితే కొవ్వు కరుగుతుందన్న మాట ఊరికే పుట్టలేదు. దాని వెనక నిజమైన పరిశోధనే ఉంది. కొవ్వుల్లో కొన్నిటి గొలుసు పొడవుగా ఉంటుంది, కొన్నిటిది మధ్యస్థం. మధ్యస్థ గొలుసు కొవ్వులు పేగుల్లోంచి నేరుగా కాలేయానికి చేరి త్వరగా ఖర్చయిపోతాయి, ఒంట్లో పేరుకునే అవకాశం కాస్త తక్కువ. అమెరికాలో మేరీ పియర్ సెయింట్ ఆంజ్ అనే పరిశోధకురాలి బృందం 2008లో ఒక అధ్యయనం వెలువరించింది. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారిలో కొందరికి రోజుకు 18 నుంచి 24 గ్రాముల మధ్యస్థ గొలుసు నూనె, మిగతావారికి అంతే ఆలివ్ నూనె ఇచ్చారు. 16 వారాల తర్వాత మొదటి బృందం కిలోన్నరకు కొంచెం పైన అదనంగా తగ్గింది. ఇక్కడిదాకా బాగానే ఉంది. అయితే వాళ్ళకిచ్చింది కొబ్బరినూనె కాదు, పూర్తిగా మధ్యస్థ గొలుసు కొవ్వులతో తయారుచేసిన నూనె!

కొబ్బరినూనెలో అలా చురుగ్గా ఖర్చయ్యే రకాలు నూటికి పదిహేను పాళ్ళకు మించవు. దాదాపు సగం లారిక్ ఆమ్లమే. పేరుకు అదీ మధ్యస్థమే గానీ, ఒంట్లో అది చాలావరకు పొడవు గొలుసు కొవ్వుల దారినే పోతుంది. ఆ అధ్యయనంలో ఇచ్చినంత మోతాదు కొబ్బరినూనె నుంచే రావాలంటే రోజుకు 140 గ్రాములు తాగాలి. అంటే పది పెద్ద చెంచాలు. గ్రాము కొవ్వుకు 9 కేలరీల లెక్కన 1,260 కేలరీలు. కూర్చుని పనిచేసుకునే మహిళకు రోజు మొత్తానికి కావలసింది సుమారు 1,660. ఇక సంగటికి, అన్నానికి, పాలకు, పప్పుకు చోటెక్కడిది?

తెలుగునాట ఈ మాట ఇంతగా పాకడానికి ఇంకో కారణం ఉంది. 2017, 2018 ప్రాంతంలో విజయవాడకు చెందిన వీరమాచనేని రామకృష్ణ ప్రచారం చేసిన ఆహార పద్ధతి గుర్తుందా? ఊరూరా సభలు, ఫోన్ల నిండా వీడియోలు. కొబ్బరినూనె, నెయ్యి, వెన్న లాంటి కొవ్వులు రోజుకు 70 నుంచి 100 గ్రాములు, నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, విటమిన్ మాత్రలు. అన్నం, చపాతీ, చక్కెర, పళ్ళు బంద్. చాలామంది పాటించారు. బరువు తగ్గామని చెప్పినవాళ్ళూ చాలామందే. వాళ్ళు అబద్ధమేమీ చెప్పలేదు. వైద్యుల్లో పలువురు అభ్యంతరాలు చెప్పినా జనం ఆగలేదు.

కానీ లెక్క వేసి చూడండి. 100 గ్రాముల కొవ్వంటే 900 కేలరీలు. అన్నం మానేసి, ఆ నూనెతోనూ పల్చటి ద్రవాలతోనూ రోజు గడిపితే ఒంటికి చేరేది మామూలు తిండిలో సగం. కొవ్వు కడుపు నిండినట్టు ఉంచుతుంది గనక ఆకలి అంతగా తెలియదు. మొదటి వారాల్లో కండరాల్లో, కాలేయంలో నిల్వ ఉన్న పిండిపదార్థం ఖాళీ అయి, దాన్ని పట్టుకుని ఉన్న నీరు కూడా బయటికి పోతుంది. బరువు చూసే యంత్రం ముల్లు గబగబా దిగుతుంది. ఆ చోట కొబ్బరినూనెకు బదులు చెనక్కాయల నూనె తాగినా ముల్లు అలాగే దిగేది. ఒళ్ళు తగ్గించింది తాగిన నూనె కాదు, మానేసిన అన్నం.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. అంత కఠినమైన నియమం ఎన్నాళ్ళు సాగుతుంది? నాలుగు పెళ్ళిళ్ళు, రెండు పండగలు వచ్చేసరికి అన్నం మళ్ళీ పళ్ళెంలోకి వచ్చింది. నూనె చెంచా మాత్రం పోలేదు. ‘కొబ్బరినూనె తాగితే తగ్గుతారు’ అన్న ఒక్క ముక్క మిగిలింది. నియమంలో కష్టమైన సగం వదిలేసి తేలికైన సగం ఉంచుకోవడం మనుషులకు అలవాటే కదా!

పైన చెప్పిన కోడలు తాగే రెండు పెద్ద చెంచాలు సుమారు 28 గ్రాములు, అంటే 250 కేలరీలు. 70 గ్రాముల బియ్యం వండితే వచ్చే అన్నంతో సమానం. దాన్ని ఖర్చు చేయాలంటే గంటసేపు చురుగ్గా నడవాలి. రోజూ మామూలు తిండి తింటూ పైన ఇదీ చేరితే నెలకు 7,500 కేలరీలు. కిలో కొవ్వుకు దగ్గర దగ్గర అంత! ఒళ్ళు చిట్టా పద్దులా కచ్చితంగా లెక్క రాయదు గానీ, ముల్లు ఎటువైపు జరుగుతుందో ఊహించడానికి ఇది చాలు. అత్తగారి మాటలో నిజం ఉన్న సగం ఇదే.

ఇంట్లో ఇంతకుముందే వాడుతున్న నూనె ఎంతో కూడా చూడాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ సిఫారసుల ప్రకారం, శారీరక శ్రమ తక్కువున్న మగవారికి రోజుకు 25 గ్రాములు, ఆడవారికి 20 గ్రాముల నూనె, నెయ్యి చాలు. నలుగురున్న ఇంటికి నెలకు 3 లీటర్ల నూనె అయిపోతోందంటే మనిషికి రోజుకు 22 గ్రాములు దాటినట్టే. అంటే గీత దాకా వచ్చేశాం. ఇది సీసాలోంచి వచ్చే నూనె మాత్రమే. చెనక్కాయ గింజ బరువులో దాదాపు సగం నూనే. ఊరిబిండి రుచి దాన్నిబట్టే వచ్చింది మరి. ఎండుకొబ్బరిలో అయితే 60 శాతానికి పైగా కొవ్వే.

‘కొబ్బరినూనె మన ఒంటి వేడికి కరుగుతుంది, కాబట్టి కొవ్వునూ కరిగిస్తుంది’ అనేది ఇంకో వాదన. 24, 25 డిగ్రీల దగ్గర అది కరిగే మాట నిజమే. మార్గశిరంలో సీసాలో గడ్డకట్టి, ఎండలో పెడితే కరగడం అందరూ చూసేదే. అలాగని కడుపులోకి వెళ్ళి అక్కడున్న కొవ్వును కరిగించదు. నెయ్యి కూడా ఒంటి వేడికి కరిగేదే!

మరి కొబ్బరి మీదే బతికే దీవులవాళ్ళు ఆరోగ్యంగా ఉన్నారు కదా అంటారు కొందరు. పసిఫిక్ మహాసముద్రంలోని టొకెలావ్ దీవులపై 1981లో వెలువడిన అధ్యయనం ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడివారి కేలరీల్లో 60 శాతానికి పైగా కొబ్బరివే, అయినా గుండెజబ్బులు అరుదు. నిజమే. అయితే వాళ్ళు తిన్నది సీసా నూనె కాదు, పీచుతో సహా కొబ్బరి. పక్కన చేపలు, బ్రెడ్‌ఫ్రూట్. పడవ నడపాలి, చెట్టెక్కాలి. వారిలో న్యూజిలాండ్‌కు వలస వెళ్ళినవాళ్ళు కొబ్బరి తగ్గించారు, బరువు మాత్రం పెరిగారు. కొబ్బరి వాళ్ళను సన్నగా ఉంచలేదు, లావూ చేయలేదు. చుట్టూ ఉన్న బతుకే అన్నిటికీ మూలం.

బరువు కంటే పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. కొబ్బరినూనెలో నూటికి 80 పాళ్ళు దాటి సంతృప్త కొవ్వులే. రోజు మొత్తం కేలరీల్లో వీటి వాటా పదో వంతుకు మించకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 1,660 కేలరీలు చాలే మహిళకు అది 18 గ్రాములు. పొద్దున తాగే ఆ రెండు చెంచాల్లోనే 23 గ్రాములు ఉంటాయి. కాఫీలో పాలు ఇంకా పోయనే లేదు! అదే కొలత చెనక్కాయల నూనెలో అయిదారు గ్రాములే. అప్పటిదాకా జరిగిన పలు ప్రయోగాలను కలిపి చూసి 2020లో ‘సర్క్యులేషన్’ వైద్య పత్రికలో ఇచ్చిన లెక్క ఏమిటంటే, ఇలాంటి ఇతర వంటనూనెలతో పోలిస్తే కొబ్బరినూనె చెడు కొలెస్ట్రాల్‌ను సుమారు 10 పాయింట్లు పెంచింది, మంచిదాన్నీ కొంత పెంచింది. బరువు, నడుం చుట్టుకొలతల్లో చెప్పుకోదగ్గ మేలేమీ కనబడలేదు.

కొబ్బరినూనెతో వంట తరతరాల అలవాటుగా ఉన్న ఇంటికి దాన్ని చూసి భయపడాల్సిన పనిలేదు. అవియల్ మీద చివర్లో వేసే ఒక చెంచాకు ఇంకే నూనే సాటి రాదు. రుచి కోసం వాడుకోవచ్చు, మందుగా తాగడమే వద్దు. కాదు, తాగితీరాలనుకుంటే ఆ రోజు పోపుల్లోంచీ వేపుళ్ళలోంచీ అన్ని చెంచాలూ తగ్గించాలి. చక్కెర జబ్బుకు మాత్రలో ఇన్సులినో వాడేవారు మాత్రం ఎవరి వీడియో చూసీ ఉన్నట్టుండి అన్నం మానేసి నూనె పట్టుకోకూడదు. మందు అంతే ఉండి తిండి తగ్గితే రక్తంలో చక్కెర పడిపోయి కళ్ళు తిరిగి పడిపోవచ్చు. ముందు డాక్టరుతో మాట్లాడాలి. గుండెకు స్టెంట్ పడిన మామగారు ఇంట్లో ఉంటే ఆయన చెంచా గురించి కూడా అడగాలి.

కోడలికి నమ్మకం కుదరకపోతే ఓ పని చేయొచ్చు. నెల మొదట్లో తెచ్చిన నూనె ప్యాకెట్ల మీద తేదీ రాసి, నెలాఖరుకు ఎన్ని ఖాళీ అయ్యాయో చూసి, ఇంట్లో తలలతో భాగించాలి. బడికి వెళ్ళే పిల్లాడు కూడా చేసేంత చిన్న లెక్క. వచ్చే నెల ఒక ప్యాకెట్ తగ్గించి, సాయంత్రం ఓ గంట అత్తాకోడళ్ళు కలిసి నడిచి, మూడు నెలల తర్వాత నడుం చుట్టూ టేపు పెట్టి చూసుకోవచ్చు. ఈలోగా సీసా తిరిగి అద్దం పక్కకే వెళుతుంది. 2025లో కొబ్బరినూనె ధర ఎక్కిన తీరు చూసినవాళ్ళకు తలకు పూయడానికే చేయి వెనకాడింది.