బొమ్మకి జవాబు ఒక్కటేనా?



మన హాస్టలు అల్మరాలో బొమ్మల పుస్తకాలు ఉన్నాయి. పెద్ద తరగతుల వాళ్ళం వాటిని ముట్టుకోం. చిన్నపిల్లలవి అంటాం. నేనూ అట్టాగే అనుకునేదాన్ని. మొన్న దసరా సెలవులకి చెల్లి కోసం ఒకటి అడిగి ఇంటికి తీసుకెళ్ళాను.

అందులో ఒక పేజీలో అక్షరమే లేదు. ఇసుకలో ఒక పడవ. పక్కన ఒక పిల్లవాడు సముద్రం వైపు చూస్తున్నాడు. "వాళ్ళ నాన్న వేట నుంచి వస్తాడని చూస్తున్నాడు" అని చెల్లికి చెప్పాను. పీతలు వేరు చేస్తా అమ్మ తొంగి చూసింది. "ఏందే నువ్వు చెప్పేది? చెక్కలు ఎండకి బీటలిచ్చినయ్ చూడు. అది నీళ్ళల్లో దిగి ఏడాదయ్యుద్ది. వాళ్ళ నాన్న కూలికి పోయుంటాడు" అంది. మళ్ళీ చూస్తే నిజమే! చదువొచ్చిన నేను ఆ బీటలు చూడలేదు. రేపల్లె దగ్గర ఉప్పుటేళ్ళల్లో పీతలు పట్టే మా అమ్మకి సంతకం కూడా రాదు. ఆ పేజీని అమ్మే చదివింది.

క్లాసులో అయితే "ఈ కథలో నీతి ఏమిటి?" అంటారు. జవాబు ఒక్కటే, అది గైడులో ఉంటుంది. చిన్న తరగతిలో చీమ, మిడత కథ చెప్పినప్పుడు నేను "పాట లేకుండా మా వాళ్ళు నాట్లు వేయరు, మిడతది కూడా పనే కదా" అన్నాను. అందరూ నవ్వారు. ఆ తర్వాత రెండేళ్ళు నేను నోరు తెరవలేదు.

ఇదేమీ కొత్త సంగతి కాదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు 'చందమామ' మొదలుపెట్టారు. చక్రపాణి గారిది మన తెనాలే. అందులో ఫోటో వ్యాఖ్యల పోటీ ఉండేది. రెండు ఫోటోలు వేసి, వాటికి తగిన మాటలు పాఠకులనే రాయమని బహుమతి ఇచ్చేవాళ్ళు. ఇప్పుడు చందమామ రావడం లేదు. ఆ పద్ధతి కూడా పోవాలా?

"ఎవరికి తోచింది వాళ్ళు చెబితే ఎట్టా?" అని కొందరు అడగొచ్చు. అమ్మ ఊరికే చెప్పలేదు, బీటలు చూపించి చెప్పింది. మనం కూడా బొమ్మలో ఆధారం చూపించి చెప్పాలి. ఆ అలవాటు పరీక్షలకీ పనికొచ్చుద్ది.

వార్డెన్ మేడమ్ గార్లకు నా మనవి. శనివారం సాయంత్రం ఒక గంట అల్మరా తాళం తీయండి. సెలవులకి అందరికీ తలా ఒక బొమ్మల పుస్తకం ఇవ్వండి. చిరగకుండా తెచ్చే పూచీ మాది. మా ఇళ్ళల్లో చదివే వాళ్ళు లేరని అనుకుంటారు. ఇచ్చి చూడండి.

నేస్తాలూ, దీని కింద నేను ఒక బొమ్మ వేశాను. పేరు పెట్టలేదు. మీకు ఏం కనిపించిందో, ఎందుకు అట్టా అనిపించిందో పక్కన తెల్ల కాగితం మీద రాయండి. ఎవరూ నవ్వొద్దు.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని