చిప్ మార్చే ముందు

పెళ్లి ఫొటోలు, పిల్లల వీడియోలు, ఇంటి దస్తావేజుల స్కాన్ కాపీలు. ఇవన్నీ ఒకేచోట దాచి ఇంటిల్లిపాదికీ అందించే హార్డ్‌డిస్కుల పెట్టె, అదే నాస్, నత్తనడక నడుస్తోందా? ప్రాసెసర్ మార్చేస్తే సరి అనుకుంటారు చాలామంది. కాస్త ఆగండి.

చాలా రెడీమేడ్ నాస్‌లలో ఆ వీలే ఉండదు. చిప్‌ను బోర్డుకు టంకం వేసి అతికించేస్తారు. 2013లో వచ్చిన హెచ్‌పీ మైక్రోసర్వర్ జెన్8 అలా కాదు. అందులోని సెలెరాన్ జీ1610టీని తీసి, జియాన్ ఈ3-1265ఎల్ వీ2 బిగించుకున్నవారు ఎందరో. రెండు కోర్లు నాలుగవుతాయి.

మరి ఫైళ్ల కాపీ వేగం పెరుగుతుందా? దాదాపుగా పెరగదు. గిగాబిట్ కేబుల్‌లో సెకనుకు 125 మెగాబైట్లకు మించి వెళ్లవు. మామూలు కాపీ అయితే సెలెరానే ఆ పరిమితికి దగ్గరగా లాక్కొస్తుంది. ఇరుకు సందులో ఏ కారైనా ఒకటే మరి. లాభమల్లా డేటాను ఎన్‌క్రిప్ట్ చేసినప్పుడు, సినిమాను ఫోన్‌కు తగ్గట్టు అప్పటికప్పుడు మార్చి పంపాల్సి వచ్చినప్పుడు. ఎన్‌క్రిప్షన్‌ను వేగంగా చేసే ప్రత్యేక ఏర్పాటు జియాన్‌లో ఉంది, ఆ సెలెరాన్‌లో లేదు.

అందుకే ముందు ఓ చిన్న పరీక్ష చేయండి. పెద్ద ఫైలు కాపీ అవుతుండగా ప్రాసెసర్ వాడకం ఎంతుందో చూడండి. సగం కూడా దాటకపోతే తప్పు చిప్‌ది కాదు. వైఫై, కేబుల్, డిస్కులను అనుమానించండి.

మార్చక తప్పదంటే వేడి సంగతి మరవొద్దు. పాత చిప్ 35 వాట్లది, కొత్తది 45 వాట్లది. జెన్8లో చిప్ మీది హీట్‌సింక్‌కు సొంత ఫ్యాన్ లేదు. పెట్టె వెనకున్న ఒక్క ఫ్యానే దిక్కు. ఏసీ లేని గదిలో మన వేసవిని తట్టుకోవాలంటే 17 వాట్ల ఈ3-1220ఎల్ వీ2 నయం. కోర్లు రెండే అయినా ఎన్‌క్రిప్షన్ సదుపాయం దానికీ ఉంది. సాకెట్‌లో వెంట్రుకల్లాంటి 1,155 పిన్నులుంటాయి. ఒక్కటి వంగినా బోర్డు మూలనపడొచ్చు.

అన్నిటికన్నా ముందు, స్క్రూడ్రైవర్ పట్టకముందే, మొత్తం డేటాను వేరే డిస్కులోకి కాపీ చేసి పక్కన పెట్టండి. రెండు డిస్కుల్లో ఒకే డేటా ఉంచే రెయిడ్‌ను నమ్ముకుని ఊరుకోవద్దు. ఒక డిస్కు చెడిపోతే అది కాపాడుతుంది. పొరపాటున చెరిపేస్తే మాత్రం రెండింట్లోనూ చెరిగిపోతుంది. ప్రాసెసర్ పాడైతే మరొకటి కొనుక్కోవచ్చు. పాప తొలి అడుగుల వీడియో ఏ దుకాణంలోనూ దొరకదు.