ఎండ పాతదే, ఇంజిన్ కొత్తది: ఆయిల్ ఎవల మాట ఇని పొయ్యాలె?

ఎండకాలం వచ్చిందంటె సుబేదారి నుంచి ములుగు రోడ్డు దాక ఏ మెకానిక్ షెడ్డు కాడ నిలవడ్డా ఒకటే మాట ఇనవడ్తది. "మన ఎండలకు పల్సటి ఆయిల్ ఆగదన్నా, మందంది పోద్దాం." ఈ మాట చెప్పేటోడు మోసగాడు గాదు. అంబాసిడర్లు, జీపులు బాగుచేసి నేర్చుకున్న పని అది. ఆ బండ్లకు ఆ మాట కరెక్టే. కాని ఇయ్యాల షోరూం నుంచి దిగుతున్న కారుకు అదే మాట పెడితె నష్టం మనకే.

ఇప్పుడే ఎందుకు రాస్తున్ననంటే, 2025 సెప్టెంబర్ 22 నుంచి చిన్న కార్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. ఇంట్ల మొదటి కారు కొనాలని చూసేటోళ్లకు ధైర్యమొచ్చింది. మా సుబేదారిల ఆర్ట్స్ కాలేజీ, అదాలత్ చుట్టుపక్కల కిరాయికి కార్లు నడుపుకొని బతికే పోరలు నాకు మస్తుమంది ఎరుక. వాళ్లకు ఇంజిన్ అంటే ఇనుప ముక్క గాదు, నెలనెలా కట్టే కిస్తు. ఇంజిన్ ఖరాబైతె కిస్తు ఆగదు, సంపాదన ఆగుతది. ఇంత పెద్ద ముచ్చట ఒక డబ్బా మీద ఉన్న రెండు నంబర్ల కాడ ఉన్నది.

డబ్బా మీది లెక్క

0డబ్ల్యూ-20, 5డబ్ల్యూ-30, 15డబ్ల్యూ-40, 20డబ్ల్యూ-50. ఇవి ధరలు గావు, నాణ్యత మార్కులు గావు. ఆయిల్ చిక్కదనం లెక్కలు. అమెరికాల ఇంజినీర్ల సంఘం ఎస్ఏఈ 1911ల ఈ లెక్క షురూ చేసింది. తర్వాత మారుకుంట వచ్చింది.

డబ్ల్యూ అంటే వింటర్, సలికాలం. డబ్ల్యూ ముంగటి అంకె ఎంత చిన్నగుంటె సల్లటి ఇంజిన్ల ఆయిల్ అంత సులువుగ పారుతది. ఎనక అంకె ఇంజిన్ కాగినంక, 100 డిగ్రీల కాడ, ఆయిల్ ఎంత చిక్కగ ఉంటదో చెప్తది. బెల్లం పాకం యాది చేసుకోండ్రి. పొయ్యి మీద ఉన్నప్పుడు పల్సగ పారుతది, దించితె గట్టివడ్తది. ఆయిల్ గుణం సుత గదే.

మరి వరంగల్ల మంచు పడదు కదా, సలికాలం అంకెతోటి మనకేం పని? ఇక్కడనే అందరం బోల్తా పడ్తం. ఇంజిన్ పని చేసేది 90, 100 డిగ్రీల కాడ. మే నెలల 45 డిగ్రీల ఎండ మనకు నిప్పుల కొలిమి, నిలవడ్డ ఇంజిన్ కు మాత్రం అది సలే. 40 డిగ్రీల కాడ 20డబ్ల్యూ-50 ఆయిల్, 0డబ్ల్యూ-20 కంటే మూడింతల పైన చిక్కగ ఉంటది. పొద్దుగాల సెల్ఫ్ కొట్టంగనే ఆ చిక్కటి ఆయిల్ పైదాక ఎక్కే లోపట ఇనుము ఇనుము రాసుకుంటది.

ఇగ బండి కాగినంక? థర్మోస్టాట్, రేడియేటర్, ఫ్యాను ఇవన్నీ ఉన్నది ఇంజిన్ వేడిని ఒక తీరుగ పట్టి ఉంచడానికే. బయట 15 డిగ్రీలున్నా 45 ఉన్నా లోపట తేడా మనం అనుకున్నంత ఉండదు. పైగా ఆయిల్ ను 150 డిగ్రీల కాడ సుత పరీక్ష చేస్తరు. పల్సటి ఆయిల్ అంటే బలం లేని ఆయిల్ అని అర్థం గాదు.

పల్సటి ఆయిల్ ఎందుకొచ్చింది

పాత ఇంజిన్ల బేరింగుల సందులు పెద్దయి, మందపు ఆయిల్ నడిచింది. కొత్త ఇంజిన్ల సందులు సన్నగైనయి. వాల్వుల టైమింగు మార్చే యంత్రం, చైన్ ను బిగువుగ పట్టే టెన్షనర్ ఇవన్నీ ఆయిల్ ఒత్తిడి మీదనే నడుస్తయి. సన్నటి దారులల్లకు మందపు ఆయిల్ టైముకు చేరదు. అందుకే ఇప్పుడొచ్చే చాలా పెట్రోల్ కార్లకు కంపెనీలు 0డబ్ల్యూ-20, కొన్నిటికి 0డబ్ల్యూ-16 సుత చెప్తున్నయి.

ఇంకో కారణం సుత దాచకుండ చెప్పుకోవాలె. 2022-23 నుంచి మన దేశంల కార్ల కంపెనీలు అమ్మే బండ్లన్నిటి సగటు పొగను కిలోమీటరుకు 113 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ కాడికి తేవాల్నని నిబంధన ఉన్నది. అంతకుముందు అది 130. పల్సటి ఆయిల్ తోటి రాపిడి తగ్గి ఇంధనం కొంచెం మిగులుతది. అంటే ఇందుల కంపెనీ లాభం సుత ఉన్నది. అట్లని మనం ఎదురువడి మందంది పోస్తె కంపెనీకేం గాదు, మన ఇంజినే దెబ్బతింటది.

మధ్యేమార్గం ఒకటున్నది. కొన్ని బండ్ల పుస్తకాలల్ల ఒక్క గ్రేడ్ గాదు, రెండు మూడు రాసుంటయి. ఎప్పుడూ నిండా మందిని ఎక్కించుకొని, ఏసీ ఏసి, దూరాలు కొట్టే కిరాయి బండైతె, ఆ రాసిన వాటిల్ల కొంచెం మందపుది ఎంచుకోవచ్చు. పుస్తకంల లేనిది మాత్రం పొయ్యొద్దు.

నంబర్ ఒక్కటే సరిపోదు

డీజిల్ బండ్లకు ఇంకో పేచీ ఉన్నది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 వచ్చింది. డీజిల్ కార్ల పొగగొట్టంల మసిని పట్టే ఫిల్టర్, డీపీఎఫ్ పెట్టిండ్రు. దానికి బూడిద తక్కువ మిగిల్చే ఆయిల్ కావాలె. డబ్బా మీద ఏసీఈఏ సీ2, సీ3 అసొంటి గుర్తులు చూడాలె. 5డబ్ల్యూ-30 అని నంబర్ కలిసినంత మాత్రాన సరిపోదు. గుర్తు తప్పితె ఫిల్టర్ మెల్లగ మూసుకపోతది, దాని ఖర్చు మామూలుగ ఉండదు. ఊళ్లె దగ్గర దగ్గర తిరిగే డీజిల్ బండ్లల్ల ఆ మసి సక్కగ కాలక డీజిల్ ఆయిల్లకు దిగుతది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పెరిగిందని సంబురపడకుండ్రి, అది కలిసిన డీజిల్.

పెట్రోల్ బండ్ల సంగతికొస్తె, 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్ ఇప్పుడు బంకులల్ల మామూలైంది. ఇథనాల్ కు నీళ్లను గుంజుకునే గుణం ఉన్నది. వారానికోసారి తీసి రెండు కిలోమీటర్లు తిప్పి పెట్టే బండిల తేమ, కాలని పెట్రోల్ ఆయిల్ల కలుస్తయి. ఇంజిన్ సక్కగ కాగితెనే అవి ఆవిరైతయి. అందుకే "నా బండి తిరగనే లేదు, ఆయిల్ ఎందుకు మార్చాలె" అనొద్దు. పుస్తకంల కిలోమీటర్లు, నెలలు రెండూ రాసుంటయి. ఏది ముందొస్తె అది.

ఇంకో మాట. కారుల మిగిలిన ఆయిల్ బైకుల పొయ్యకుండ్రి. బైకుల గేర్లు, క్లచ్ అదే ఆయిల్ల మునుగుతయి. దానికి జాసో ఎంఏ గుర్తు ఉండాలె. కారు ఆయిల్ పోస్తె క్లచ్ జారుతది.

ఎవలు నేర్పాలె?

తప్పంత మెకానిక్ మీద ఏస్తె అన్యాయం. బండి పుస్తకం చాలా మట్టుకు ఇంగ్లీషుల ఉంటది. కారు అమ్మేటప్పుడు తెలుగుల హోర్డింగులు పెట్టే కంపెనీలకు, ఏ ఆయిల్ పొయ్యాల్నో ఒక్క పేజీ తెలుగుల అచ్చెయ్యనీకె ఏమడ్డమొచ్చింది? రాష్ట్రంల 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్ తోటి కలిసి ఏటీసీలుగ మార్చే పని సర్కారు పెట్టుకున్నది. అందుల కొత్త పోరలతోటి పాటు పాత మెకానిక్ లకు సుత పది రోజుల క్లాసులు పెడితె తప్పేంది?

బయట బాగుచేయించుకునే హక్కు సుత మనకున్నది. 2014ల కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు 2,544 కోట్ల జుర్మానా ఏసింది. స్పేర్ పార్టులు బయటోళ్లకు దొరకకుండ చేసుడు తప్పన్నది, బయట రిపేరు చేయించిండ్రన్న ఒక్క కారణంతోటి వారంటీ మొత్తం రద్దంటె కుదరదన్నది. తర్వాత కేసు అప్పీళ్లకు పోయింది. కాని తప్పు ఆయిల్ పోస్తె మాత్రం ఏ హక్కూ కాపాడదు. అందుకే బిల్లు మీద గ్రేడ్ రాపిచ్చుకోండ్రి, దాచిపెట్టుకోండ్రి.

సీల్ మీ కండ్ల ముంగటనే తియ్యమనండ్రి. ఖాళీ డబ్బాకు కత్తితోటి బొక్క పెట్టండ్రి, మళ్ల అందుల నకిలీది నింపి అమ్మకుండ ఉంటది. తీసిన నల్ల ఆయిల్ మోరిల, బాయి పక్కన పారబొయ్యనియ్యకుండ్రి, అది నీళ్లల్లకు దిగితె మళ్ల తీసుడు మన తరం గాదు.

మెకానిక్ అన్న చేతి పని మీద నాకు గౌరవమే. కాని ఏ ఆయిల్ పొయ్యాల్నో చెప్పాల్సింది ఆయన గాదు, ఎండ అసలే గాదు. ఆ ఇంజిన్ చేసినోళ్లు చెప్పాలె, మనకు తెలిసే భాషల చెప్పాలె. వాళ్లు చెప్పేదాక, గ్లోవ్ బాక్సుల ఉన్న ఆ పుస్తకం తీసి ఇంట్ల చదువుకున్న పిల్లలతోటి ఆ ఒక్క పేజీ చదివిపిచ్చుకోండ్రి.