చుక్కలు మాయమైనంతనే రోగము పోయినట్లా?



గాజుతొట్టిలో ఉప్పునీటి చేపలను పెంచు వేడుక మన ఇండ్లలో కూడ ప్రవేశించినది. తెచ్చువారు పురుషులైనను, మేత వేయుట, నీరు మార్చుట తరచుగా గృహిణి పాలనే పడుచుండును. కాబట్టి ఆ చేపలకు వచ్చు రోగములలో మిక్కిలి మోసకారియైన తెల్లచుక్కల రోగమును గూర్చి ఈ మాసమున వ్రాయుచున్నాను.

విశాఖపట్టణమున నా తమ్ముని ఇంట ఇట్టి తొట్టి యున్నది. అందు నారింజవన్నె మేనిపై తెల్లని పట్టెలు గల క్లౌన్ చేపలు రెండు, రొయ్య యొకటి ఉండెడివి. క్రిందటి యేడు క్రొత్తగా కొన్న నీలిచేప నొకదానిని తిన్నగా వానితో విడిచిరి. కొలది దినములకే దాని రెక్కలపై ఉప్పురవ్వల వంటి చుక్కలు పొడసూపెను. వెల్లుల్లిరసము కలిపిన మేత పెట్టుడని అమ్మినవారు చెప్పిరి. నాలుగు దినములలో చుక్కలు మాయమయ్యెను. “వదినా, వెల్లుల్లి గుణమిచ్చినది” అని నా మరదలు ఫోనులో సంతోషముతో చెప్పినది. నేనును సంతసించితిని. ఇరువురమును మోసపోతిమి. పది దినములు గడచునప్పటికి మూడు చేపలకును ఒడలెల్ల చుక్కలు నిండెను. నీలిచేప మేత మాని, నీటి పైభాగమున రొప్పుచు, మరునాటి యుదయమునకు చచ్చెను. “నయమైనదంటివి గదా, అమ్మా” అని అయిదేండ్ల బాలిక అడుగగా, నా మరదలు బదులు చెప్పలేకపోయెను.

ఈ రోగమునకు మూలము సూక్ష్మమైన కేశములు గల యొక ఏకకణజీవి. 1951లో బ్రౌన్ అను శాస్త్రవేత్త దానికి క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అని పేరిడిరి. అది చేప చర్మములోను, మొప్పలలోను దూరి, 3 మొదలు 7 దినములు తిని పెరుగును. మనకు కనబడు చుక్క అదియే. పెరిగిన పిదప చేపను విడిచి, అడుగుననున్న రాతికో ఇసుకకో అంటుకొని, చుట్టును పెంకు కట్టుకొని, లోపల అనేకముగా చీలును. ఒక్క పెంకునుండి 200 పిల్లల వరకు వెలువడవచ్చును. అవి ఒకటి రెండు దినములలో చేపను పట్టనిచో నశించును.

కాబట్టి చుక్కలు మాయమగుట రోగశాంతి కాదు. శత్రువు సంతానమును వృద్ధి చేసికొనుటకు తొలగినాడని యర్థము. వెల్లుల్లి పెట్టకున్నను ఆ చుక్కలు అట్లే పోయి యుండెడివి. కాలము చేసిన పనిని మనము మందునకు ఆరోపించితిమి.

రోగమును గుర్తించుటలో తొందర కూడదు. ఉప్పురవ్వల వలె విడివిడిగా చుక్కలుండి, వచ్చుచు పోవుచు, చేప రాళ్లకు ఒడలు రాచుకొనుచున్నచో ఇది యని తలపవచ్చును. పసుపుపొడి చల్లినట్లు మిక్కిలి సన్నని ధూళి కనబడి, చేప వేగముగా రొప్పుచున్నచో అది అమిలోడినియము అను వేరొక పరాన్నజీవి పని. అది ఇంకను త్వరగా చంపును. కోసుగడ్డపువ్వు వంటి గడ్డ లేచి, వారములకొలది కదలకున్నచో అది వైరసు వలన కలుగునది. పరాన్నజీవుల మందు దానికి పనిచేయదు. మావారు తమ పాఠశాలలోని సూక్ష్మదర్శినిలో క్లౌన్ చేప మేనిజిగురును చూపగా, కేశములతో మెల్లగా గిరగిర తిరుగు గుండ్రని జీవిని నేను కన్నులార చూచితిని. ఆ పిమ్మట సందేహము లేకపోయెను.

ఇక చికిత్స. రాగి మందు ఈ పురుగును చంపును. కాని రొయ్యలను, నత్తలను, పగడములను కూడ చంపును. కావున దానిని పెద్దతొట్టిలో ఎన్నడును పోయరాదు. ఇసుక లేని వేరుతొట్టిలో, లీటరు నీటికి 0.15 మొదలు 0.20 మిల్లీగ్రాముల రాగి యుండునట్లు ప్రతిదినము పరీక్షించుచు, మూడు వారములకు తక్కువ గాకుండ నిలుపవలెను. కొన్ని సీసాల మందునకు కొలత వేరు. దానిపై వ్రాసినదే ప్రమాణము.

మా మరదలు మందులేని మార్గము నెన్నుకొన్నది. ప్రతి మూడవ దినమున చేపలను శుభ్రమైన వేరుతొట్టిలోనికి, సమమైన ఉప్పును వేడిమియు గల క్రొత్తనీటిలోనికి మార్చుచు, నాలుగు మార్లు అట్లు చేసెను. రాలిన పురుగులు పాతతొట్టిలోనే చిక్కుకొనును. అవి పిల్లలు పెట్టులోపల చేప వేరొకచోట నుండును. విడిచిన తొట్టిని, వలను కడిగి పూర్తిగా ఆరబెట్టవలెను. పెద్దతొట్టిలో రొయ్యను మాత్రముంచి, 76 దినములు చేప లేకుండ విడిచెను. పెంకులు 72 దినములకు విచ్చిన సందర్భములును కలవు గనుక ఈ గడువు. రొయ్యకు ఈ రోగము రాదు.

క్లౌన్ చేపలు రెండును బ్రతికినవి. ఇప్పుడు ఆ యింట క్రొత్తచేప వచ్చినచో ఆరువారములు వేరుగా నుండి, పిదపనే తక్కినవానిని కలియును.

ఋణశేషము, అగ్నిశేషము, రోగశేషము మిగుల్పరాదని పెద్దలు చెప్పుదురు. సోదరీ, నీ తొట్టిలో చుక్కలు మాయమైన నాడు సంతోషింపకుము. ఆనాడే చేపను వేరుచేయుము.