శిక్షకుని స్థానము

ఆటలో గెలిచినవానికి పూలదండ వేయుదుము. వానికి ఆట నేర్పినవానిని మరచిపోవుదుము. చిరకాలముగా సాగుచున్న ఈ ఆచారము మారవలెనని మా అభిప్రాయము. అందుకు నిదర్శనముగా హైదరాబాదుకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం గారి జీవితమును పాఠకుల ముందుంచుచున్నాము.

1909లో జన్మించిన రహీం గారు ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, ఆ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో ఆడి, పిదప ఉపాధ్యాయ వృత్తి చేపట్టిరి. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకు కార్యదర్శి అయిరి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలుచుకొన్నది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణము సాధించినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో ఆస్ట్రేలియాను 4-2 గోల్సుతో ఓడించి, సెమీ ఫైనలు చేరిన తొలి ఆసియా జట్టుగా నిలిచినది.

ఈ విజయములు అదృష్టవశమున వచ్చినవి కావు. 1952 హెల్సింకిలో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో చిత్తుగా ఓడినది. ఓటమికి క్రుంగక లోపములను వెదకి సరిదిద్దుటయే శిక్షకుని పని. బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలను, బంతిని ఒక్కరే అట్టిపెట్టుకొనక తోటివానికి అందించి తీరవలసిన పోటీలను రహీం గారు నిర్వహించిరి. తరగతిలో వెనుకబడిన పాఠమునే మరల మరల చెప్పు ఉపాధ్యాయుని పద్ధతి యిది.

సికింద్రాబాదు ప్రాంతపు పేద కుటుంబమున పుట్టిన తులసీదాస్ బలరాం, సాధనకు వచ్చుటకు సైకిలు అద్దెకైనను డబ్బు లేదనగా, రహీం గారు రోజుకొక రూపాయి ఇచ్చి రప్పించిరట. ఆ బాలుడే ఒలింపిక్ క్రీడాకారుడైనాడు. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణము తెచ్చిన జట్టులోను అతడున్నాడు. తలకు గాయమైన రక్షణ ఆటగాడు జర్నైల్ సింగును ముందువరుసలో నిలిపి గోల్సు చేయించినది రహీం గారి యోచనయే. అప్పటికే క్యాన్సరుతో బాధపడుచున్న ఆయన 1963 జూన్ 11న కన్నుమూసిరి. ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణము మరల మనకు దక్కలేదు. ఆయన కథ వెండితెరకు ఎక్కుటకు 2024 వరకు ఆగవలసివచ్చినది.

మన కోనసీమకు ఈ పాఠము దూరము కాదు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో చిరాగ్ శెట్టితో కలిసి బాడ్మింటన్ డబుల్స్ స్వర్ణము గెలిచిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ అమలాపురము బిడ్డ. అతని తండ్రి వ్యాయామోపాధ్యాయునిగా పనిచేసినవారు. అతనికి మెరుగులు దిద్దిన పుల్లెల గోపీచంద్, 2001లో ఆల్ ఇంగ్లండు విజేతయై పిదప శిక్షకుడైన వ్యక్తి.

చదువుకొనుటకు వచ్చిన విద్యార్థికి ఆటల శిక్షణ ఎందుకని కొందరు అడుగవచ్చును. రహీం గారు చదువు చెప్పినవారే. చదువునకు ఆట శత్రువని ఆయన ఎన్నడును తలపలేదు. కళాశాలలో అందరికి ఉద్యోగములు రాకపోవచ్చును; కాని తన లోపమును తానెరిగి దిద్దుకొనుట, తోటివానికి బంతి అందించుట అందరును నేర్వవచ్చును. ఉర్దూ విద్యార్థియు, తెలుగు విద్యార్థియు ఒకే జట్టులో నిలిచినపుడు ఆ బంతికి భాషాభేదము ఉండదు.

కావున పాలకవర్గము వారికి మా మనవి. బహుమతి కప్పులకు చేయు వ్యయమును కొంత తగ్గించియైనను, పోటీలకు ముందు నెలరోజులు మాత్రమే కాక సంవత్సరము పొడవునా పనిచేయు శిక్షకుని నియమింపుడు. లంక గ్రామముల నుండి వచ్చు పేద విద్యార్థి సాయంకాలపు సాధనకు ఆగినచో, వానికి కొంత ఫలహారము, ఇంటికి చేరుటకు బస్సు ఛార్జీ ఏర్పాటు చేయుడు. నాడు రహీం గారి రూపాయి చేసిన మేలు అదియే. ఏ బలరాము ఏ లంకలో ఉన్నాడో వెదకువాడు లేనిదే మనకు తెలియదు.