అప్పునకు జామీనెవరు?

చైనా దేశము వెనుకబడిన దేశములకిచ్చిన ఋణములను గూర్చి లోకమంతటను వాదము చెలరేగుచున్నది. అవి ఉపకారములని కొందఱును, ఉరులని కొందఱును పలుకుచున్నారు. మన పఠనమందిరములలో సైతము ఈ వాదము వినబడుచునే యున్నది. అయితే వాదించువారిలో పెక్కండ్రు సింహళమును, ఆఫ్రికాను ఉదాహరింతురే కాని, కర్నూలు కడప మండలములవారు ఈ విషయమును నేర్చుకొనుటకు సముద్రము దాటవలసిన పని లేదని గుర్తింపకున్నారు. పరదేశపు ధనము, ఈ దేశపు జామీను, చూపునకందని లెక్కలు: ఈ మూటి కథయు నూటయఱువది యేండ్లకు పూర్వమే మన పొలముల నడుమ త్రవ్వబడి యున్నది. దాని పేరే కర్నూలు-కడప కాలువ.

1858వ సంవత్సరమున లండను నగరమున మద్రాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ ఏర్పడెను. సర్ ఆర్థర్ కాటన్ దొర ఆలోచనలే దీనికి మూలము. కర్నూలునకు ఎగువను సుంకేశులయొద్ద తుంగభద్రకు ఆనకట్ట కట్టి, ఆ నీటిని కుందూ పెన్న లోయలకు మరలించి, పైరులను పండించుటయే గాక పడవలను గూడ నడుపవలెనని సంకల్పము. సంకల్పము గొప్పదే, దానిని మేము నిందింపము. ఒడంబడికయే నింద్యమైనది. పది లక్షల పౌండ్ల మూలధనముపై నూటికి 5 వంతున వడ్డీని చెల్లించుటకు దొరతనమువారు జామీనుండిరి. అనగా కాలువలో నీరు పాఱినను పాఱకున్నను, రయితు నీరు కట్టుకొన్నను మానినను, లండనులోని వాటాదారునకు ఏటేట 50,000 పౌండ్లు ముట్టవలసినదే. ఆ ధనమెక్కడిది? ఈ దేశపు రయితు చెల్లించిన శిస్తుది.

మన పల్లెలలో అప్పు పుట్టువిధము ఎల్లరకును తెలిసినదే. షావుకారు నోటు వ్రాయించుకొనునప్పుడు జామీనుదారును కోరును. జామీను గట్టిదైనచో, అప్పుగొన్నవాడు ఆ సొమ్ముతో బావి త్రవ్వినను జూదమాడినను షావుకారునకు చింత లేదు. ఆనాటి కంపెనీల సంగతియు నిట్లే యుండెను. భారత ప్రభుత్వమున ఆర్థికసభ్యుడుగా నుండిన మాసీ దొర 1872లో పార్లమెంటు సంఘము ముందర రైలుమార్గములను గూర్చి సాక్ష్యమిచ్చుచు, నూటికి 5 వంతుల వడ్డీకి జామీను దొరకియుండగా, తన సొమ్ము ఇటుకలు సున్నముగా మాఱినను హుగ్లీ నదిలో పాఱవేయబడినను ఇంగ్లీషు ధనికునకు ఒక్కటేయని చెప్పెను. పాలకవర్గమువాడే పలికిన మాట యిది. మన కాలువకును ఇది అక్షరాల వర్తించును.

కాలువ 1870 ప్రాంతమునకు ముగిసినది. సుంకేశుల మొదలు కడప వఱకు సుమారు 190 మైళ్లు. అంచనాలు మీఱి మూలధనము చాలకపోగా, వడ్డీకి జామీనున్న ప్రభుత్వమే మఱల అప్పిచ్చి పనిని నడిపింపవలసి వచ్చెను. ఇంత చేసియు, నీరు వచ్చిన వెంటనే రయితులు దానిని వాడుకొనలేదు. ఏలయన ఇది గోదావరి కృష్ణల ముఖభూమి కాదు. కుందూ లోయలోనిది నల్లరేగడి. జొన్న, కొఱ్ఱ, ప్రత్తి వర్షాధారముననే పండు నేల. సామాన్య సంవత్సరములలో అట్టి నేలకు నీటితీర్వ చెల్లించి వరి పెట్టుమనిన, రయితు తన లెక్క తాను చూచుకొనక మానడు గదా! నేల స్వభావమును, రయితు లెక్కను లండనువా రడుగలేదు. అడుగవలసిన అక్కఱ వారికి లేకుండెను. వారి వడ్డీ వారికి నిశ్చయమై యుండెను.

1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమును దహించిన మహాక్షామమున కర్నూలు కడప మండలములు పడిన బాధ చరిత్రకెక్కినది. ఆ కాలమున ఈ కాలువ నీరు కొన్ని పొలములను కాపాడిన మాట నిజమే. అయినను గంజికేంద్రముల యొద్ద జనులు బారులుతీరిన ఆ యేండ్లయందు సైతము జామీను వడ్డీకి క్షామము రాలేదు. తుదకు 1882లో దొరతనమువారు కంపెనీనుండి కాలువను కొనివేసిరి. లాభము వచ్చినచో కంపెనీది. నష్టము వచ్చినచో ప్రజలది. పేరునకు ఇది పెట్టుబడి. వ్యాపార నష్టమును భరించువాడే పెట్టుబడిదారు డనిపించుకొనును. నష్టమును ఇతరుల నెత్తిన పెట్టినవాడు వడ్డీవ్యాపారియే.

ఇంతమాత్రమున పరదేశపు ధనమును ముట్టరాదని మేము చెప్పబోవుట లేదు. ఆ కాలువయే నేడు సుమారు 2 లక్షల 65 వేల ఎకరముల ఆయకట్టునకు ఆధారము. కృష్ణా జలముల పంపకమున బచావత్ ట్రిబ్యునలు దానికి 39.9 టీఎంసీల నీటిని నిర్ణయించినది. శిథిలమైన కాలువను ఆధునికము గావించుటకు 1996లో జపాను ప్రభుత్వమునుండి ఋణము తేబడినది. ఈ మేలు మఱవదగదు. కాలువ మంచిది, ఒప్పందము చెడ్డది. ఈ రెంటిని వేఱుచేసి చూడనేర్చినవారే చైనా ఋణములను గూర్చి తీర్పు చెప్పుట కర్హులు.

ఇక సింహళపు సంగతి. హంబన్‌తోట రేవునకై 2007లో చైనా ఎగుమతి దిగుమతి బ్యాంకు మొదటి ఋణమిచ్చినది. రేవు కట్టబడెను గాని, అనుకొన్నన్ని ఓడలు రాలేదు. 2017లో ఆ రేవు 112 కోట్ల డాలర్లకు 99 సంవత్సరముల కౌలుపై చైనా కంపెనీ యాజమాన్యమునకు పోయెను. 2022లో సింహళము తన విదేశ ఋణములను చెల్లింపజాలనని చేతులెత్తినది. చైనా వల పన్ని రేవును పట్టుకొన్నదని పెక్కండ్రు చెప్పుదురు. కాని సత్యము ఇంతకంటె చిక్కైనది. ఆ దేశపు విదేశ ఋణములలో చైనా భాగముకంటె పాశ్చాత్య ధనవిపణిలో అమ్మిన బాండ్ల భాగమే పెద్దది. కౌలుసొమ్ము డాలర్ల నిల్వలను నింపుటకు పోయినదే కాని, దానితో రేవు అప్పు తీరలేదు. ఆ రేవు కావలెనని పట్టుబట్టినవారు ఆ దేశపు పాలకులే. వల పన్నినవానిది తప్పే. తన ప్రజల నడుగకుండ వారిని వలలోనికి నడిపించిన పాలకునిది అంతకంటె పెద్దతప్పు.

చైనా పద్ధతిలో నిజముగా భయపడవలసినది గోప్యత. 2021లో కొందఱు పరిశోధకులు చైనా సంస్థలు 24 దేశములతో చేసికొన్న 100 ఒప్పందములను పరిశీలించి ప్రకటించిరి. షరతులను బయటపెట్టరాదను నిబంధన వానిలో తఱచుగా కనబడినది. చెల్లింపవలసినవారు ప్రజలు, తెలిసికొనరానివారును ప్రజలే! మన కాలువ ఒడంబడిక చేయువారికి ఈ మండలములవారిని అడుగవలెనను తలంపే లేకుండెను. నాడు మనది పరాధీన దేశము. స్వతంత్రమైన దేశము తన ప్రజలకే తన అప్పుపత్రమును చూపలేకపోయినచో, ఆ స్వాతంత్ర్యమున లోపమున్నదనియే చెప్పవలెను.

మన సంగతి యెట్లున్నది? బీజింగు నగరమున ప్రధానస్థానము గల ఆసియా మౌలిక వసతుల పెట్టుబడుల బ్యాంకు 2016లో పని మొదలిడినది. దానిలో చైనాకు ప్రథమస్థానము, మన దేశమునకు ద్వితీయస్థానము. ఆ బ్యాంకునుండి అత్యధికముగా ఋణము పొందినదియు మన దేశమే. ఆంధ్రప్రదేశమునకు విద్యుత్తునకై 2017లో 16 కోట్ల డాలర్లు, గ్రామీణ రోడ్లకై 2018లో 45 కోట్ల 50 లక్షల డాలర్లు, చిన్నపట్టణముల మంచినీటికై 40 కోట్ల డాలర్లు మంజూరైనవి. ఆనాటి 13 జిల్లాలకు ఉద్దేశింపబడిన రోడ్లలో కర్నూలు కడపల పల్లెలకును వంతు కలదు.

2020 జూను 15వ నాటి రాత్రి గల్వాను లోయలో చైనా సైనికులతోడి ఘర్షణలో మన వీరులిరువదిమంది నేలకొరిగిరి. వారి నాయకుడు, సూర్యాపేటకు చెందిన కర్నలు సంతోష్‌బాబు తెలుగుబిడ్డ. అదే నెలలో ఆ బ్యాంకు మన దేశమునకు 75 కోట్ల డాలర్ల ఋణమును మంజూరు చేసెను! దీనిని చూచి కొందఱు, శత్రువు సొమ్ము తాకరాదని మండిపడుదురు. వారి కోపమునకు మేము నమస్కరింతుము. అది దేశభక్తినుండి పుట్టినది. కాని ఆ బ్యాంకు ఒక్క చైనా పెట్టె కాదు. దానిలో మన మూలధనమును కలదు, మన వోటును కలదు. ఋణపత్రములు చాలవఱకు ప్రకటింపబడుచున్నవి. హంబన్‌తోట అప్పును, దీనిని ఒక్క త్రాటన కట్టుట న్యాయము కాదు. సొమ్మునకు రంగు లేదనువారును పొరపడుచున్నారు. సొమ్మునకు రంగు లేకపోవచ్చును, షరతులకు కలదు. కనుకనే ఆ యేడు ఏప్రిలులో కేంద్రప్రభుత్వము, మనతో భూసరిహద్దు గల దేశములనుండి వచ్చు పెట్టుబడులకు ముందుగా ప్రభుత్వానుమతి కావలెనని శాసించినది. పరిశ్రమలలో పరాయివాని పెత్తనమునకు అట్టి కాపలా యుచితమే. ఋణములకు గూడ కాపలా కావలెను. దానిని పెట్టవలసినవారు ప్రజలు.

రాష్ట్రములకు వచ్చు విదేశ ఋణమును కేంద్రము తన పూచీపై తెచ్చి యిచ్చును. కావున అప్పిచ్చినది బీజింగైనను, వాషింగ్టనైనను, టోకియోయైనను తుట్టతుదకు జామీనుదారులము మనమే. డాలర్లలో తెచ్చినది డాలర్లలోనే తీర్పవలెను. 2017లో సుమారు 65 రూపాయలుండిన డాలరు 2025లో 85 రూపాయలను దాటినది. వడ్డీ పెరుగకయే అప్పు పెరిగినది. మంజూరై వాడుకొనని సొమ్ముపై గూడ బ్యాంకు రుసుము గైకొనును. కనుక పనిని ఆలస్యము చేయు ప్రతి కచ్చేరియు మన జేబునుండియే ఆ రుసుమును చెల్లించుచున్నది.

జామీనుదారునకు మూడు హక్కులున్నవని మా మతము. మొదటిది, నోటును చదువుకొను హక్కు. ప్రతి విదేశ ఋణపు షరతులును తెలుగున ముద్రితమై శాసనసభలోను, జిల్లా గ్రంథాలయములలోను ఉండవలెను. ఇంగ్లీషున ప్రకటించుట ప్రకటింపకుండుటలో సగము. రెండవది, నేలను గూర్చి, నీటిని గూర్చి ముందుగా అడుగబడు హక్కు. నల్లరేగడికి వరికాలువ త్రవ్విన పొరపాటు మఱల జరుగరాదు. మూడవది, వంతును కోరు హక్కు. 1937లో శ్రీబాగు ఒడంబడికయందు రాయలసీమ నీటి అవసరములకు ముందుచోటు ఇత్తుమని పెద్దలు మాట యిచ్చిరి. 2024 డిసెంబరులో అమరావతి నిర్మాణమునకై ప్రపంచబ్యాంకును, ఆసియా అభివృద్ధి బ్యాంకును చెరి సుమారు 80 కోట్ల డాలర్లు మంజూరు చేసినవి. రాజధాని కావలసినదే. కాని ఆ భారమును మోయుటలో సీమ రయితు భాగస్వామియైనప్పుడు, ఆయన చెఱువునకు, ఆయన కాలువకు ఏ పద్దున ఎంత వచ్చినదని అడుగుట కృతఘ్నత కాదు, ప్రాంతద్వేషమును కాదు.

అగ్నిశేషము, ఋణశేషము, శత్రుశేషము ఉంచరాదని మన పెద్దలు చెప్పిరి. ఈ కాలమున ఋణము లేని రాజ్యము లేదు. కనుక శేషముంచక తప్పదు. ఆ శేషమెంతయో, ఎవరికో, ఏ షరతులపైనో తెలియకుండుట మాత్రము తప్పించుకొనదగినది. నాడు సుంకేశుల ఒడంబడికను మన తాతలు చదువలేదు; చదువుటకు వారికెవ్వరు నీయలేదు. నేడు మనకు వోటున్నది, శాసనసభ యున్నది, అడుగుటకు నోరున్నది. ఇన్నియు నుండి అడుగకపోయినచో, రేపు లోపము షావుకారుదని చెప్పుకొనుటకు మనకు ముఖముండదు.