దత్తత ఫీజు లక్షలోపే.. మరి అసలు ఖర్చు ఎక్కడ పడుతోంది?

బిడ్డను దత్తత తీసుకోవాలంటే ఎంతవుతుంది? ఎవరిని అడిగినా ఒక్కో లెక్క చెబుతారు. కొందరు ఐదు లక్షలంటారు. ఇంకొందరు పాతిక లక్షలు పెట్టినా దొరకరంటారు. ఈ లెక్కలేవీ చట్టం చెప్పినవి కావు.

దేశంలో దత్తతలన్నీ చూసే సంస్థ కారా. దాని కేరింగ్స్ పోర్టల్ ద్వారా వెళ్తే ఖర్చు చాలా తక్కువ. మీ ఇంటికొచ్చి పరిస్థితులు చూసి రిపోర్ట్ రాసే హోమ్ స్టడీకి 6 వేలు. బిడ్డను తీసుకెళ్లేటప్పుడు సంస్థకు ఒక ఫీజు. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి బిడ్డ ఎలా ఉందో చూసి వెళ్తారు. ఆ విజిట్‌కు 2 వేల చొప్పున నాలుగింటికి 8 వేలు. అన్నీ కలిపినా లక్ష దాటదు. పైగా 2022 సెప్టెంబర్ నుంచి దత్తత ఆర్డర్ ఇచ్చేది కోర్టు కాదు, జిల్లా కలెక్టర్. కాబట్టి లాయర్ ఖర్చు కూడా దాదాపు లేనట్టే. నెలకు ఇంత జీతం ఉంటేనే ఇస్తామనే రూల్ కూడా లేదు. బిడ్డను పోషించగలరా లేదా అన్నదే చూస్తారు.

మరి లక్షల లెక్కలు ఎక్కడి నుంచి వచ్చాయి? చాలావరకు బ్రోకర్ల నుంచే.

2024 మేలో రాచకొండ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఢిల్లీ, పుణె నుంచి పసికందుల్ని తెచ్చి ఇక్కడ పిల్లల్లేని దంపతులకు లక్షల్లో అమ్ముతున్నట్టు తేల్చారు. అప్పటికే ఆ ఇళ్లలో పెరుగుతున్న పిల్లల్ని ప్రభుత్వ సంరక్షణకు తరలిస్తుంటే పెంచుకున్నవాళ్లు ఏడ్చిన దృశ్యాలు చాలామందికి గుర్తుండే ఉంటాయి. 2025 జులైలో సికింద్రాబాద్‌లో మరో కేసు. సరోగసీ బిడ్డ పేరుతో ఒక జంట దగ్గర 30 లక్షలకు పైగా తీసుకుని, పేద తల్లిదండ్రుల దగ్గర కొన్న శిశువును చేతిలో పెట్టారన్నది పోలీసుల ఆరోపణ.

డబ్బు పోవడం ఒక్కటే అయితే వేరు. పిల్లల్ని కొన్నా, అమ్మినా జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 81 కింద ఐదేళ్ల వరకు కఠిన జైలుశిక్ష, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి. అన్నిటికంటే పెద్ద విషయం, ఆ బిడ్డ మీ దగ్గర ఉంటుందన్న గ్యారంటీ లేదు.

సరే, దొడ్డిదారి వద్దు, పద్ధతిగానే వెళ్దామనుకున్నారు. అక్కడ ఖర్చు ఫీజులో కనిపించదు. సెలవు రూపంలో పడుతుంది.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి కన్నతల్లికి 26 వారాల జీతంతో కూడిన సెలవు ఇచ్చారు. దత్తత తల్లికి 12 వారాలు రాశారు. అయితే ఒక మెలిక పెట్టారు. బిడ్డ వయసు మూడు నెలల లోపు ఉండాలన్నారు. వినడానికి బానే ఉంది కదా. కానీ మూడు నెలల లోపు బిడ్డ దత్తతకు దొరుకుతుందా?

కన్నవాళ్లు బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకోవడానికి వాళ్లకు రెండు నెలల గడువు ఇవ్వాలి. ఎక్కడో వదిలేసిన బిడ్డ అయితే కన్నవాళ్ల కోసం వెతకాలి, విచారణ చేయాలి. రెండేళ్ల లోపు పిల్లలకు ఈ పని రెండు నెలల్లో పూర్తి చేయాలని చట్టం చెబుతోంది. ఆ తర్వాతే బిడ్డ పోర్టల్‌లోకి వస్తుంది. ఫొటో, హెల్త్ రిపోర్ట్ చూసి 48 గంటల్లో రిజర్వ్ చేసుకోవాలి. తర్వాత సంస్థకు వెళ్లి బిడ్డను చూడటం, కాగితాలు. ఇవన్నీ అయ్యేసరికి మూడు నెలలు ఎప్పుడో దాటిపోతాయి. అంటే ఆ నిబంధన ఉన్నన్నాళ్లూ ఒక చట్టం సెలవు ఇస్తుంటే, ఇంకో చట్టం పెట్టిన గడువుల వల్ల ఆ సెలవు దాదాపు ఎవరికీ అందేది కాదు. ఈ నిబంధనను సవాల్ చేసిన పిటిషన్‌పై 2024 నవంబర్‌లో సుప్రీంకోర్టు కూడా ఇదే అడిగింది. మూడు నెలలే ఎందుకు పెట్టారో చెప్పాలని కేంద్రాన్ని ఆదేశించింది.

రూపాయల్లో చూద్దాం. హైదరాబాద్‌లో నెలకు 45 వేలు వచ్చే ప్రైవేట్ ఉద్యోగిని అనుకోండి. 12 వారాల జీతం అంటే లక్షా 20 వేలకు పైనే. బిడ్డ వయసు ఎనిమిది నెలలైతే, 2026 వరకు ఉన్న ఆ నిబంధన ప్రకారం ఆమెకు దక్కింది సున్నా. మొత్తం దత్తత ఫీజుల కంటే ఈ ఒక్క నష్టమే ఎక్కువగా ఉండేది! కొత్త ఇల్లు, కొత్త మనుషుల మధ్య రాత్రిళ్లు నిద్రపోని బిడ్డను వదిలి ఆఫీసుకు వెళ్లలేక ఉద్యోగమే మానేస్తే, ఇక ఆ లెక్కకు అంతు లేదు.

ప్రభుత్వ ఉద్యోగుల సంగతి కాస్త మెరుగు. కేంద్ర ఉద్యోగినులకు ఏడాది లోపు బిడ్డను దత్తత తీసుకుంటే 180 రోజుల సెలవు ఉంది, తండ్రికి 15 రోజులు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కూడా 2022లో మహిళా ఉద్యోగులకు 180 రోజుల వరకు ఇచ్చింది. ప్రైవేట్‌లో కొన్ని కంపెనీలు సొంత పాలసీతో సెలవు ఇస్తున్నాయి. అందుకే రిజిస్టర్ చేసుకున్నప్పుడే హెచ్‌ఆర్‌ను మెయిల్ పెట్టి అడగండి. నోటిమాట పనికిరాదు. టైలరింగ్ చేసుకునే ఆమెకో, కూలికి వెళ్లే ఆమెకో ఈ చర్చే లేదు, వాళ్లకు సెలవంటే ఆ రోజు కూలి పోవడమే.

ఇక వైద్యం. పోర్టల్‌లో ఎదురుచూస్తున్న పిల్లల్లో ప్రత్యేక అవసరాలున్నవాళ్లు చాలామంది. వీళ్ల కోసం ఏళ్ల తరబడి ఆగాల్సిన పని లేదు. కానీ చాలామంది వెనకడుగు వేసేది థెరపీ ఖర్చు చూసే. సిట్టింగ్‌కు ఐదారు వందలు వేసుకుని, వారానికి మూడంటే నెలకు ఆరేడు వేలు.

ఇక్కడ పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి, ఎవరూ పెద్దగా చెప్పరు. జిల్లా స్థాయిలో ఉన్న డీఈఐసీ అనే బాలల సత్వర చికిత్స కేంద్రాల్లో పరీక్షలు, థెరపీ ఉచితం. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం ఉంటే కేంద్రం నడిపే నిరామయ బీమాలో ఏడాదికి లక్ష వరకు కవరేజీ ఉంది, థెరపీలు కూడా అందులోకి వస్తాయి. ఆరోగ్యశ్రీ పరిధిలోకి వచ్చే కుటుంబాలైతే బిడ్డ పేరును రేషన్ కార్డులో చేర్పించే పని వెంటనే మొదలుపెట్టాలి. ఆఫీసు ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఏడాది మధ్యలో దత్తత బిడ్డను చేర్చుకుంటారా, ఏ కాగితం అడుగుతారో ముందే కనుక్కోవాలి.

ట్యాక్స్ విషయంలో ఒక చిన్న చిక్కు. వైకల్యం ఉన్న బిడ్డను పోషిస్తుంటే సెక్షన్ 80డీడీ కింద ఆదాయంలో 75 వేలు, వైకల్యం తీవ్రంగా ఉంటే లక్షా 25 వేలు మినహాయింపు ఉండేది. ఇప్పటికీ ఉంది, కానీ పాత పన్ను విధానంలోనే. కొత్త విధానంలో లేదు. అమెరికాలోని మనవాళ్లు దత్తత తీసుకుంటే అక్కడి ప్రభుత్వం 2025కు గరిష్ఠంగా 17,280 డాలర్ల దాకా ట్యాక్స్ క్రెడిట్ ఇస్తోంది. మన దగ్గర దత్తత ఖర్చు పేరుతో పన్ను మినహాయింపే లేదు.

డబ్బులు కూడాక రిజిస్టర్ చేసుకుందాం అనుకునేవాళ్లు ఒకటి చూసుకోవాలి. 2024-25లో దేశం మొత్తం మీద జరిగిన దత్తతలు 4,515. ఎదురుచూస్తున్న జంటలు దానికి ఎన్నో రెట్లు. ఆరోగ్యంగా ఉన్న చిన్న బిడ్డ కావాలంటే మూడు నాలుగేళ్లు పడుతోంది. రెండేళ్ల లోపు బిడ్డ కావాలంటే భార్యాభర్తల వయసు కలిపి 85 దాటకూడదు. రిజిస్ట్రేషన్ రోజున ఉన్న వయసునే లెక్కలోకి తీసుకుంటారు. మీరు ఒక్క ఏడాది వాయిదా వేస్తే ఆ మొత్తం రెండు పెరుగుతుంది.

రిజిస్ట్రేషన్‌కు, హోమ్ స్టడీకి అయ్యేది ఆ 6 వేలే. హోమ్ స్టడీ రిపోర్ట్ మూడేళ్లు చెల్లుతుంది. బిడ్డ వచ్చాక ఇద్దరిలో ఒకరు నాలుగైదు నెలలు జీతం లేకుండా ఇంట్లో ఉండటానికి కావాల్సిన డబ్బును ఆ మూడేళ్లలో నెలనెలా పక్కన పెట్టుకోవచ్చు.